జాబితా వచ్చింది, పుస్తకం రాలేదు

ప్రతి ఏడూ రంజాన్ నెల దగ్గరపడగానే ఫోనులోకి ఒక జాబితా వస్తుంది. పిల్లలతో కలిసి చదవదగిన పుస్తకాలు అని శీర్షిక. పాతికో ముప్ఫయ్యో పేర్లు, ఒక్కో పేరు పక్కన నెలవంక బొమ్మ, చివర సవాబ్ కోసం పదిమందికి పంపమని విన్నపం. ఈసారి అది నాకు ఆరు గ్రూపుల నుంచి చేరింది. పంపినవారిలో బాగా తెలిసిన నలుగురికి ఫోన్ చేసి అడిగాను: "ఇందులో మీ ఇంట్లో ఉన్న పుస్తకం ఏది? మీ పిల్లలకు చదివి వినిపించినది ఏది?" ముగ్గురు నవ్వేశారు. నాలుగో ఆయన కొంచెం నొచ్చుకుని, "మంచి విషయమే కదా భాయ్, పంపితే తప్పేముంది?" అన్నాడు.

తప్పేముందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. ఆ జాబితాలోని పుస్తకాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కత్తిసాములో ఒలింపిక్ పతకం గెలిచిన ఇబ్తిహాజ్ ముహమ్మద్, ఎస్.కె. అలీతో కలిసి రాసిన 'ది ప్రౌడెస్ట్ బ్లూ' (2019) అందులో ఉంది. మొదటిసారి హిజాబ్ కట్టుకుని బడికి బయలుదేరిన అక్కను చెల్లెలు ఎంత గర్వంగా చూసిందో చెప్పే పుస్తకం అది. హెనా ఖాన్ రాసిన 'గోల్డెన్ డోమ్స్ అండ్ సిల్వర్ లాంటర్న్స్' (2012) ఉంది. రంగుల పేర్లు నేర్పుతూనే ముస్లిం ఇంటి వస్తువులను, ఆచారాలను పసిపిల్లలకు పరిచయం చేస్తుంది. రెండూ మంచివే. కానీ అవి అమెరికాలో పెరుగుతున్న పిల్లల కోసం ఇంగ్లీషులో పుట్టాయి. కుట్టుమిషన్ మీద బతికే ఇంటికి వాటి ధర అందదు. ధర అందినా, ఆదోనిలోనో మదనపల్లెలోనో ఉన్న అమ్మీ వాటిని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని చదవగలిగే స్థితిలో లేదు. 2022లో ఉడుపిలో కాలేజీ గేటు దగ్గర ఆడపిల్లల్ని నిలిపివేసిన దృశ్యాన్ని మన పిల్లలు టీవీలో చూశారు. ఆ రాత్రి ఎనిమిదేళ్ల పాప "నన్నూ ఆపుతారా?" అని అడిగితే ముందుపెట్టుకుని మాట్లాడటానికి తెలుగులో ఒక్క బొమ్మల పుస్తకం నాకు తారసపడలేదు. అమెరికా పుస్తకం పేరును పదిమందికి పంపడం వల్ల ఆ లోటు తీరలేదు. తీరినట్టు మాత్రం అనిపించింది. నా మొదటి అభ్యంతరం దాని గురించే.

అసలు ఆ జాబితాలు అమెరికాలో ఎలా పుట్టాయో మనలో ఎంతమందికి తెలుసు? 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త 'సాటర్డే రివ్యూ' పత్రికలో ఒక వ్యాసం రాసింది. పుస్తకాల్లో ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారని ఐదేళ్ల నల్లజాతి పాప వేసిన ప్రశ్నతో అది మొదలవుతుంది. లారిక్ ఆ పాపను ఓదార్చి ఊరుకోలేదు, లెక్క తీసింది. 1962 నుంచి 1964 వరకు మూడేళ్లలో అచ్చయిన 5,206 పిల్లల పుస్తకాలలో ఒక్క నల్లజాతి పాత్ర అయినా ఉన్నవి 349. నూటికి ఏడు కూడా లేవు. ఆ లెక్కను ప్రచురణకర్తల ముందు పెట్టింది. పాతికేళ్ల తర్వాత, 1990లో, రుడిన్ సిమ్స్ బిషప్ అనే ఆచార్యురాలు పిల్లల పుస్తకాలను అద్దాలతో, కిటికీలతో పోల్చింది. తన ముఖం చూసుకోవడానికి పిల్లకు అద్దం కావాలి, ఎదుటివారి బతుకు చూడటానికి కిటికీ కావాలి అన్నది ఆమె వాదం. ఉపాధ్యాయులు, లైబ్రేరియన్లు, తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అడిగారు, లెక్కలు తీశారు, నిలదీశారు. ఆ ఒత్తిడి పెరిగిన నేలలోనే, చాలా ఆలస్యంగా, ముస్లిం పిల్లల పుస్తకాలకూ చోటు దొరికింది. వాళ్ల పోరాటాన్ని అక్కడే వదిలేసి మనం జాబితాను మాత్రం దించుకున్నాం.

మన లెక్క ఎవరు తీశారు? ఎవరూ తీయలేదు కనుక అంకెలు చెప్పలేను. మీ ఇంట్లో ఉన్న తెలుగు పిల్లల పుస్తకాలను ఒక దుప్పటి మీద పరచి మీరే చూడండి. ముస్లిం పేరు కనిపిస్తే పక్కన పెట్టండి. మా ఇంట్లో నేను ఆ పని చేశాను. పక్కకు వచ్చినవారు ముగ్గురు: బీర్బల్ చేతిలో ప్రతిసారీ తెల్లబోయే అక్బర్ పాదుషా, గాడిద మీద ముల్లా నస్రుద్దీన్, నలభై దొంగలతో ఆలీబాబా. ఒకరు చక్రవర్తి, ఒకరు హాస్యగాడు, ఒకరు ఎక్కడో ఎడారి దేశంవాడు. మా పక్కింట్లో పంక్చర్ షాపు పెట్టుకున్న మస్తాన్ కొడుకు, ఐదో తరగతిలో లెక్కలంటే భయపడేవాడు, ఏ పుస్తకంలోనూ లేడు. ఇద్దరు స్నేహితుల కథ అంటే ఇద్దరూ ఒకే రకం పేర్లవాళ్లు. పండుగ అంటే సంక్రాంతి, దీపావళి. ఆ పండుగల కథలు మన పిల్లలు చదవాలి, చదువుతున్నారు, సంతోషం. అయితే పక్కింటి పిల్లవాడి ఇంట్లో షీర్ ఖుర్మా ఎందుకు వండుతారో చెప్పే కథ సుబ్బారెడ్డి కూతురికి ఎక్కడ దొరుకుతుంది? ఆ అమ్మాయికి ముస్లిం గురించి మొదటి కథ చెప్పేది వార్తా ఛానెల్. తర్వాతి కథ చెప్పేది వాట్సాప్. మన పిల్లలకు అద్దం లేకపోవడం ఎంత నష్టమో, పక్కింటి పిల్లలకు కిటికీ లేకపోవడం మనకు అంతకన్నా పెద్ద ప్రమాదం.

"ఈద్‌గాహ్ ఉంది కదా" అని ఎవరైనా అంటారు. అవును, ఉంది. ప్రేమ్‌చంద్ రాసిన ఆ కథ పదో తరగతి హిందీ వాచకం ద్వారా మన రాష్ట్రాల్లో లక్షల మంది పిల్లలకు తెలుసు. తల్లీతండ్రీ లేని హామిద్, చేతిలో మూడు పైసలు, తోటి పిల్లలు బొమ్మలు, మిఠాయిలు కొనుక్కుంటుంటే రొట్టె కాల్చేటప్పుడు దాదీ చేతులు కాలుతున్నాయని చిమ్టా కొనే పిల్లవాడు. గొప్ప కథ. చదివిన ప్రతిసారీ నాకూ గొంతు పూడుకుపోతుంది. అయినా అడుగుతున్నాను, ఒక సముదాయం పిల్లలందరికీ కలిపి ఒక్క హామిదేనా? తొంభై ఏళ్ల కిందటి ఆ ఒక్క అనాథ బాలుడు ఇంకా ఎంతకాలం మనందరి తరఫునా మంచివాడుగా నిలబడాలి? మన పిల్లవాడు తెలివితక్కువ పని చేయకూడదా, మొండికేయకూడదా, ఈద్ డబ్బులన్నీ క్రికెట్ బ్యాటుకు తగలేసి ఇంటికొచ్చి తిట్లు తినకూడదా? ఇతరుల పిల్లలు కథల్లో అల్లరి చేస్తారు. మన పిల్లలకు మాత్రం కథలోకి రావాలంటే పేదరికం ఉండాలి, త్యాగం చేయాలి, పాఠం చివర అందరి చేతా శభాష్ అనిపించుకోవాలి. మనుషులుగా కనిపించే ముందు యోగ్యతాపత్రం చూపాలన్నమాట.

జస్టిస్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికను మనం ఉద్యోగాల లెక్కల కోసం, బ్యాంకు రుణాల లెక్కల కోసం పదేపదే ఉటంకిస్తాం. పాఠ్యపుస్తకాలలో ఏమున్నదో మదింపు చేసే ప్రక్రియను మొదలుపెట్టి, దానిని శాశ్వత ఏర్పాటుగా మార్చాలని కూడా ఆ నివేదిక సిఫారసు చేసింది. ఆ సిఫారసును పట్టుకుని మన సంస్థలు ధర్నా చేసిన సందర్భం నాకు గుర్తులేదు. రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కుతో కాలేజీలు పెట్టుకున్నాం. మంచిదే. ఆ హక్కుతో నడుస్తూ ఒక పిల్లల కథల పుస్తకం అచ్చువేసిన కాలేజీ ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఆ పుస్తకం వంద ప్రతులు నేనే కొని పంచుతాను.

తెలుగులో బొత్తిగా ఏమీ లేదా? ఉంది. ఉన్నదాన్ని కూడా మనం మన పిల్లలకు చేర్చలేదు. నా కోపమంతా ఇక్కడే.

మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో పుస్తకంగా వచ్చాయి. నెల్లూరు జిల్లా కావలిలో ఒక ముస్లిం కుర్రవాడి బాల్యం, వాడి గొంతుతోనే, ఆ ఊరి తెలుగులోనే. అందులో అమ్మ తిడుతుంది, నాన్న అప్పులు చేస్తాడు, పిల్లలు తిండి కోసం కొట్లాడుకుంటారు. ఎవరూ ఎవరికీ యోగ్యతాపత్రం చూపరు. పెద్దల కోసం రాసినవే అయినా ఏడో తరగతి దాటిన పిల్లలతో కలిసి చదవడానికి ఇంతకన్నా మంచి పుస్తకం నాకు తెలియదు. కొన్నిచోట్ల మాట మోటుగా ఉంటుంది, అక్కడ పెద్దవాళ్లు పక్కన ఉండాలి. కలిసి చదవడం అంటే అదే కదా. ఆయనదే 'తలకాయ కూర' కథను హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో బొమ్మలతో పిల్లల పుస్తకంగా తెచ్చింది. బడి పుస్తకాలు పట్టించుకోని దళిత, ముస్లిం పిల్లల బతుకుల నుంచి కథలు తీసుకుని తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో వేసిన వరుసలో అదొకటి. మన వంటింటి వాసనకు సిగ్గుపడనక్కరలేదని పిల్లకు చెప్పడానికి ఉపన్యాసం అవసరం లేదు, ఆ పుస్తకం చేతిలో పెడితే చాలు. వచ్చి ఇన్నేళ్లయినా మా గ్రూపుల్లో తిరిగే ఏ జాబితాలోనూ దాని పేరు నాకు కనిపించలేదు.

కాస్త పెద్ద పిల్లలున్న ఇళ్లలో 'ఏడు తరాలు' ఉండాలి. అలెక్స్ హేలీ 1976లో రాసిన నవలకు సహవాసి తెలుగు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణగా ఇది ఎన్నో ఇళ్లకు చేరింది. బానిసత్వం గురించి అందరూ చెప్పుకుంటారు. గొలుసులతో ఓడలోకి ఎక్కించిన ఆ కుంటా కింటే గాంబియాలోని జుఫూరే గ్రామంలో నమాజు, ఖురాన్ నేర్చుకుని పెరిగిన ముస్లిం కుర్రవాడన్న సంగతి మాత్రం చర్చల్లో జారిపోతుంది. ఇంట్లో కలిసి చదివితే జారిపోదు.

పసిపిల్లలకైతే ఫౌజియా గిలానీ విలియమ్స్ చెప్పిన 'ఇస్మత్స్ ఈద్' నాకు ఇష్టం. చెన్నైలోని తులికా ప్రచురణ. చెప్పులు కుట్టే ఇస్మత్ పండుగకు ఇంట్లో అందరికీ బహుమతులు కొని, తనకో పైజామా కొనుక్కుంటాడు. అది నాలుగు వేళ్లు పొడవు. భార్యను, తల్లిని, కూతురిని కత్తిరించి కుట్టమంటాడు. అందరికీ తీరిక లేదు. తనే కత్తిరించుకుంటాడు. ఆ తర్వాత ఒక్కొక్కరికీ మనసు ఆగక, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి మళ్లీ మళ్లీ కత్తిరిస్తారు. ఇక పైజామా సంగతి ఊహించుకోండి. ఇందులో ఎవరూ అమాయక బాధితులు కారు, ఎవరూ ఆదర్శమూర్తులూ కారు. ఒక ముస్లిం ఇల్లు హాయిగా నవ్వుతుంది, అంతే. మన పిల్లలకు ఆ నవ్వు కూడా హక్కే.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నానీకి ఉర్దూ లిపి వచ్చు, తెలుగు అక్షరం రాదు. మా అమ్మాయికి తెలుగు వచ్చు, ఉర్దూ అలిఫ్ దగ్గరే ఆగిపోయింది. ఇద్దరూ మాట్లాడుకునేది దక్కనీ. అది ఏ లిపిలోనూ సరిగా ఇమడదు. ఒక రాత్రి కరెంటు లేనప్పుడు ఒప్పందం కుదిరింది. మా అమ్మాయి 'దర్గామిట్ట' నుంచి ఒక కథ తెలుగులో చదువుతుంది, అర్థం కానిచోట దక్కనీలో చెబుతుంది. బదులుగా నానీ 'అబ్బూ ఖాన్ కీ బక్రీ' చదవాలి. ఆ కథ రాసినవారు డాక్టర్ జాకిర్ హుసేన్. 1897లో మన హైదరాబాదులోనే పుట్టి 1967లో దేశానికి రాష్ట్రపతి అయిన పెద్దమనిషి. ఆల్మోడా కొండల్లో అబ్బూ ఖాన్ పెంచుకున్న చాందినీ అనే మేక కిటికీలోంచి తప్పించుకుని కొండెక్కి, రాత్రంతా తోడేలుతో పోరాడి తెల్లవారేసరికి నేలకొరుగుతుంది. తోడేలు గెలిచిందని పక్షులన్నీ అంటుంటే, చెట్టుమీది ముసలి పక్షి ఒక్కటే చాందినీ గెలిచిందంటుంది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "చచ్చిపోయాక గెలవడమేంటి నానీ?" అని రెండు రోజులు వాదించింది. నానీ తన జీవితంలో మొదటిసారి ఒక కథ గురించి ఇంట్లో వాదనకు దిగింది. ఆ వాదన కోసమే అమ్మాయి ఇప్పుడు ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుంటోంది, ఆ పక్షి నిజంగా ఏమన్నదో తనే చూస్తుందట. ఉర్దూ రక్షణ మీద మనం చేసిన తీర్మానాలన్నీ కలిపి మా ఇంట్లో ఇంత పని చేయలేదు. ఇంటి భాషే తెలుగైన దూదేకుల కుటుంబాల్లో ఈ కథ మరో రకంగా నడుస్తుంది, దాని గురించి వారే రాయాలి.

ఇక మనవాళ్ల అభ్యంతరాలు. కథలు కాలక్షేపం, చదివితే దీనీ పుస్తకం చదవాలి లేదా పోటీ పరీక్షల గైడు చదవాలి అంటారు. ప్రతి సభనూ 'ఇఖ్రా' అన్న మాటతో మొదలుపెట్టే పెద్దలే ఇంట్లో కథల పుస్తకం కనిపిస్తే ముఖం చిట్లిస్తారు. యూసుఫ్ ప్రవక్త గాథను గాథలన్నిటిలోకీ ఉత్తమమైనదిగా ఖురానే పేర్కొన్నదని వారికి నేను గుర్తుచేయాలా? అన్నల అసూయ, బావిలో పడవేసిన పిల్లవాడు, ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్న తండ్రి. ఆ గాథను విన్న పిల్ల మనసు ఎలా పెరుగుతుందో తెలిసినవారెవరూ కథ వ్యర్థమనలేరు.

ఇంకో అభ్యంతరం మరింత సున్నితమైనది. 'దర్గామిట్ట'ను ఒక మిత్రుని ఇంటికి ఇస్తే మర్నాడే తిరిగి వచ్చింది. అందులో దర్గా ఉన్నదట, అది పిల్లలకు తప్పుడు అఖీదా నేర్పుతుందట. దర్గాల మీద, పీర్ల పండుగ మీద మనలో అభిప్రాయభేదాలున్నాయి. ఉండనివ్వండి. వాటిని పిల్లలతో మాట్లాడండి, మీరెందుకు వెళ్లరో చెప్పండి, పక్కింటివాళ్లు ఎందుకు వెళ్తారో వాళ్లనే అడగమనండి. కానీ ప్రతి వర్గమూ తనకు నచ్చని పేజీ ఉన్నదని పుస్తకాన్ని వెనక్కి పంపితే మిగిలేది ఖాళీ అలమార. బయటివారు మనల్ని తమ పుస్తకాల్లోకి రానివ్వలేదు, సరే. మనల్ని మనమే రాసుకున్న పుస్తకాన్ని గడప బయట నిలబెడితే, ఆ నేరం ఎవరి మీద మోపుదాం?

ఇంటింటా కొనడం సాధ్యం కాదు. నిజమే. అందుకే ఇంటిపన్ను మాట ఎత్తుతున్నాను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ఆ వ్యవస్థ కొనసాగుతోంది. పురపాలక సంఘాలు, పంచాయతీలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. ఎన్నోచోట్ల బకాయిలు పెడతాయి, అది మరో పోరాటం. సొంత ఇల్లు ఉన్నవారు నేరుగా కడుతున్నారు, అద్దెకున్నవారు అద్దెలో కలిపి కడుతున్నారు. మన డబ్బుతో కొనే పుస్తకాల్లో మన పిల్లలు ఉండాలని అడగడం దయాభిక్ష కోరడం కాదు.

ఈ ఆవేశంతోనే నేనొక శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. ఊరి పేరు అనవసరం. హాలు నిండా ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువకులు. పిల్లల పుస్తకాలు ఒక బీరువాలో, తాళం వేసి ఉన్నాయి. తాళం తీయించి చూస్తే ముస్లిం పిల్ల ఉన్న పుస్తకం ఒక్కటీ లేదు, అదే అక్బరు, అదే బీర్బలు. వివక్ష అంటూ గొంతు పెంచబోయాను. గ్రంథపాలకుడు మర్యాదస్తుడు. ఏమీ అనకుండా పాఠకుల సూచనల పుస్తకం తెచ్చి నా ముందు తెరిచాడు. గ్రూపు పరీక్షల గైడ్లు, కరెంట్ అఫైర్స్, ఇంకా గైడ్లు. "ముస్లిం పిల్లల పుస్తకం కావాలని రాసినవారు ఇందులో ఒక్కరుంటే చూపించండి సార్, ఎందుకు తెప్పించలేదో నేను సమాధానం చెబుతాను" అన్నాడు. నేను పేజీలు తిప్పాను. ఒక్కరూ లేరు. నా పేరు కూడా లేదు.

గ్రంథాలయానికి బాధ్యత లేదని కాదు. ఎవరూ అడగకపోయినా అన్ని పిల్లలకూ పుస్తకం ఉండేలా చూడటం దాని పని. అయితే అడిగిన దాఖలా లేకుండా నిరాకరించారని వాదించడం కష్టం. కాబట్టి అడగాలి, రాతలో అడగాలి. పుస్తకం పేరు, రచయిత పేరు, ప్రచురణకర్త పేరు సూచనల పుస్తకంలో రాసి తేదీ వేయాలి. ఒక్కరు కాదు, మసీదు కమిటీ తరఫున ఒకరు, మహిళా సంఘం తరఫున ఒకరు, బడి పిల్లలు తమ చేతులతో తాము. ఏడాదిలో పిల్లల పుస్తకాలకు ఎంత ఖర్చయింది, ఏవి కొన్నారు అన్నది 2005 సమాచార హక్కు చట్టం కింద జిల్లా సంస్థను అడగవచ్చు. జాబితాల మీద అంత మోజుంటే ఆ జాబితా తెప్పించి గ్రూపుల్లో పెట్టండి. చదువుకున్న మన యువత ఇంకో పని చేయవచ్చు. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో వేల బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, తెలుగులోకి, ఉర్దూలోకి ఎవరైనా అనువదించవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. ఒక సెలవురోజు కూర్చుంటే ఒక కథ పూర్తవుతుంది.

ఆ రోజు సూచనల పుస్తకంలో నాలుగు పేర్లు రాసి సంతకం పెట్టి వచ్చాను. మూడు నెలలకు మళ్లీ వెళ్లాను, ఇంకా రాలేదు. ఈసారి నా కింద మరో పదకొండు సంతకాలు ఉన్నాయి, అందులో రెండు మన సముదాయానివి కావు.

నా 'దర్గామిట్ట' ప్రతి ప్రస్తుతం మా వీధిలో ఐదో ఇంట్లో ఉంది. అట్ట ఊడితే మా అమ్మాయి గుడ్డముక్క అంటించి మైదా జిగురు పెట్టింది. లోపలి పేజీలో తీసుకున్నవారి పేరు, తేదీ, చదివినవాళ్లెవరో ఒక్కొక్క వాక్యం. ఒక పేజీ మీద ఎవరిదో పసుపు వేలిముద్ర ఉంది, అన్నం తింటూ చదివినట్టున్నారు. ఆ ఇంటి నుంచి రాగానే తర్వాతి వంతు ఎవరిదో కూడా రాసి పెట్టాను: పంపితే తప్పేముందని అడిగిన ఆ మిత్రునిది. గడువు పదిహేను రోజులు.